మస్తాన్‌కి మేం పెట్టిన పేరు

మొన్న మా అమ్మాయి పట్టుబట్టి నన్నొక సినిమాకి తీసుకెళ్లింది. తెల్లదొరల మీద తిరగబడి ఉరికంబమెక్కిన ఒక సీమ పాలెగాడి కథ. చాలా ఏళ్ల కిందట ఇదే కథని ఇంకెవరో తీశారు. అప్పుడు అట్టకోటలు, అద్దె గుర్రాలు. ఇప్పటి కోటలు నిజంగా రాయితో కట్టినట్టే ఉన్నాయి. పాలెగాడు కత్తి దూసినప్పుడల్లా హాల్లో కుర్రాళ్లు కాగితం ముక్కలు ఎగరేస్తున్నారు. విశ్రాంతి తర్వాత, పాలెగాడు దాక్కున్న గుహ జాడ తెల్లవాళ్లకి చెప్పే మనిషి తెర మీదికి వచ్చాడు. పాత సినిమాలో లాగే ఇందులోనూ వాడి పేరు కోనప్పే. హాలంతా ఒక్కసారిగా బూతులు లేచాయి. నా వెనక సీట్లో ఎవరో ఆడమనిషి, "చంపండయ్యా వాణ్ణి" అని గట్టిగా అరిచింది. మా అమ్మాయి కూడా పళ్లు కొరుకుతోంది. గాలాడటం లేదని చెప్పి బయటికి వచ్చేశాను.

వరండాలో కూర్చుని ఫోన్ తీస్తే, మా పాత దుబాయ్ వాళ్ల గ్రూపులో వరసగా మెసేజ్‌లు. జెబెల్ అలీ క్యాంపులో ఒకప్పుడు కలిసి బతికిన వాళ్లం, ముప్పై మందిమి ఉన్నాం అందులో. వాళ్లు కూడా ఆ సినిమా చూస్తున్నట్టున్నారు. "కొత్త కోనప్ప మన కోనప్పంత మంచిగ చెయ్యలే" అని ఒకాయన రాశాడు. దాని కింద నవ్వుతున్న బొమ్మలు పదో పన్నెండో. "మన కోనప్ప బతికే ఉన్నడా?" అని ఇంకొకాయన అడిగాడు. దానికి కూడా నవ్వులే. ఆ నవ్వుల్ని చూస్తూ సినిమా అయిపోయేదాకా అక్కడే కూర్చున్నాను. వాళ్లు కోనప్ప అంటున్న మనిషి పేరు మస్తాన్. ఆ పేరు అతనికి ఎలా వచ్చిందో, ఆ పేరుతో అతన్ని మేం ఏం చేశామో, అందులో నా వంతు ఎంతో ఇన్నాళ్లూ నేను ఎక్కడా రాయలేదు. గల్ఫ్ గురించి నేను రాసినవి చదివి నన్ను మెచ్చుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లెవరికీ ఇది తెలియదు.

నేను దుబాయ్ వెళ్లేనాటికి నాకు ఇరవై ఏడేళ్లు. కోనసీమలో డిగ్రీ తప్పి, రెండేళ్లు ఊరికే తిరిగి, మేనమామ పట్టించిన వీసా మీద వెళ్లాను. జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో ఒక పెద్ద గోడౌన్. ఓడల్లోంచి వచ్చే కంటైనర్లని మా వాళ్లు దింపుతుంటే, పెట్టెల మీది అంకెలు కాగితంతో సరిచూసుకోవడం నా పని. పెన్ను పట్టుకునే పని కాబట్టి నాకు కొంచెం గౌరవం ఉండేది. గదిలో వాళ్ల ఉత్తరాలు నేను రాసిపెట్టేవాణ్ణి, ఇళ్లనుంచి వచ్చినవి చదివి వినిపించేవాణ్ణి. అందరూ నన్ను సూరన్న అనేవారు, నాకంటే పెద్దవాళ్లు కూడా.

మా గదిలో ఎనిమిది మందిమి. నాలుగు ఇనప మంచాలు, ఒక్కోటి రెండంతస్తులు. ఆ గది వాసన ఇప్పటికీ నాకు నిద్రలో తగులుతుంది. ఆరని యూనిఫాంలు, నొప్పులకి రాసుకునే బామ్, ఎండుచేపల వేపుడు, అందరి చెప్పులూ ఒకే మూల పోగుపడితే వచ్చే తడి కంపు. పొద్దున్నే బాత్రూం ముందు బకెట్ల వరస. బకెట్ పెడితే మనిషి నిలబడినట్టే లెక్క. మా గదికి పెద్దదిక్కు రాజన్న, జగిత్యాల వైపు మనిషి. యాభై దాటిన ఆయన అప్పటికి పదహారేళ్లుగా అక్కడే ఉన్నాడు. పనినుంచి రాగానే యూనిఫాం విప్పి దులిపి, నాలుగు మడతలు పెట్టి దిండు కింద పెట్టేవాడు. తెల్లారేసరికి ఇస్త్రీ చేసినట్టుండేది. నీళ్లు గటగటా తాగేవాడు కాదు. గ్లాసు చేత్తో పట్టుకుని, గుక్క గుక్కకీ మధ్య ఏదో ఆలోచిస్తూ తాగేవాడు. "నీళ్లను మర్యాదగ తాగాలె బిడ్డా, గిది ఎడారి" అని కొత్తవాళ్లకి చెప్పేవాడు.

మల్లేశ్ ఆయన ఊరి పక్క ఊరివాడే. ఫోర్క్‌లిఫ్టు నడిపేవాడు. ఆరడుగుల మనిషి, మెలితిప్పిన మీసం. ముదీర్, అంటే మా మేనేజరు, ఎదురొచ్చినా తల దించుకునేవాడు కాదు, అందుకని మాకందరికీ వాడంటే ఇష్టం, కొంచెం భయం. ఇక మస్తాన్ది నెల్లూరు జిల్లా. సన్నగా, పీలగా, గడ్డం మీద నాలుగు వెంట్రుకలతో ఉండేవాడు. గోడౌన్లో ప్యాకింగ్ పని. మాట తక్కువ. కానీ అతను వంట చేసిన రోజున పక్క గదుల వాళ్లు కూడా పళ్లేలు పట్టుకుని వచ్చేవారు. వంతుల ప్రకారం వండుకోవాలని పేరుకి ఉండేది గాని, నెల తిరిగేసరికి అన్ని వంతులూ మస్తాన్ మీదే పడేవి. చింతపండు పులుసులో ఎండుచేప వేసి, దింపే ముందు మెంతులు నూరి చల్లేవాడు. ఆ వాసన వరండా చివరిదాకా వెళ్లేది.

శుక్రవారం సెలవు. ఎవరో ఒకరం కరామా వెళ్లి, అక్కడి హోటల్లో ఇడ్లీ తిని, పక్కనే ఉన్న వీడియో షాపులో కొత్త తెలుగు సినిమా సీడీలు పట్టుకొచ్చేవాళ్లం. ఒక శుక్రవారం మల్లేశ్ తెచ్చింది ఆ పాలెగాడి సినిమా. మూడు సీడీలు. పక్క గదుల వాళ్లు కూడా వచ్చారు. మంచాల మీద, నేల మీద, గుమ్మంలో, ఎక్కడ చోటుంటే అక్కడ కూర్చున్నారు. అందులో పాలెగాడు కలెక్టరు గుర్రం కళ్లెం పట్టుకుని, "నా గడ్డ మీద నీ గుర్రం గడ్డి పరక కూడా కొరకడానికి వీల్లేదు" అంటాడు. మల్లేశ్ లేచి నిలబడి ఈలేశాడు. ఆ సీను నాలుగుసార్లు వెనక్కి తిప్పించాడు. పాలెగాణ్ణి ఉరి తీసేటప్పుడు రాజన్న తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. మస్తాన్ అయితే చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. మేమందరం, రోజంతా ఎవడో ఒకడి చేత గాడిదలనిపించుకునేవాళ్లం, ఆ మూడు గంటలూ గుర్రాల మీద ఉన్నాం.

ఆ గుహ జాడ చెప్పే కోనప్ప వేషం వేసినవాడు సన్నగా, పీలగా, గడ్డం మీద నాలుగు వెంట్రుకలతో ఉన్నాడు.

"అరె, గీ కోనప్ప అచ్చం మన మస్తాన్ లెక్కనే ఉన్నడు గదరా!" అన్నాడు మల్లేశ్.

గదంతా పగలబడి నవ్వింది. మస్తాన్ కూడా కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. "ఏందబ్బా, ఆయన ముక్కు యాడ, నా ముక్కు యాడ" అన్నాడు.

ఆ మాట అక్కడితో అయిపోయేదే. అయిపోనివ్వకుండా చేసింది నేను. పెట్టెల మీద అంకెలు వేసే నల్ల మార్కరు నా జేబులో ఉంది. మస్తాన్ మంచం కడ్డీ మీద, ముత్యాల్లాంటి అక్షరాలతో "శ్రీ కోనప్ప గారు" అని రాశాను. నా చేతిరాత బాగుంటుందని అందరూ అనేవారు కదా. మర్నాటినుంచి అతను కోనప్పే. "కోనప్పా, ఉప్పు తక్కువైంది." "కోనప్పా, దొరలకి మా జాడ చెప్పకు." మొదట్లో నవ్వేవాడు. తర్వాత వినపడనట్టు ఉండేవాడు. ఒకసారి ఆ రాత మీద తడిగుడ్డతో రుద్దుతుంటే చూశాను. ఆ సిరా పోదు. అది నాకు ముందే తెలుసు.

ఆ ఎండాకాలంలో, కంటైనర్లు దింపే షెడ్డు పక్కనున్న నీళ్ల కూలర్ని తీసేశారు. నీళ్ల వంకతో మాటిమాటికీ పని ఆపుతున్నారని ముదీర్‌కి ఎవరో చెప్పారట. నీళ్లు కావాలంటే ఆఫీసు బిల్డింగు దాకా నడవాలి, వెళ్లొచ్చేసరికి ఫోర్‌మన్ తిట్లు. ఇనప కంటైనర్లో మధ్యాహ్నం పూట మనిషి లోపలికి వెళ్తే, పొయ్యి మీది మూకుడులో దిగినట్టు ఉంటుంది. మేం సీసాలు తీసుకెళ్లేవాళ్లం. పది గంటలకల్లా ఆ నీళ్లు టీ పెట్టుకునేంత వేడెక్కేవి. ఒక బుధవారం రాజన్న కంటైనర్లోపల పడిపోయాడు. బయటికి లాగితే నోరు ఒక పక్కకి పోయి ఉంది. ఆస్పత్రినుంచి నాలుగు రోజులకి తెచ్చారు. మాట ముద్దముద్దగా వస్తోంది. ఎడమ చెయ్యి లేవడం లేదు. ఆ తర్వాతి గురువారం మాత్రల సంచీ ఒకటి చేతికిచ్చి విమానం ఎక్కించారు. యూనిఫాం మడత పెట్టడానికి కుడి చేత్తోనే అవస్థపడుతుంటే, మస్తాన్ వెళ్లి మడతపెట్టి ఇచ్చాడు.

మర్నాడు శుక్రవారం. మల్లేశ్ ఆ సినిమా మళ్లీ పెట్టాడు. ఈసారి ఎవరూ ఈల వెయ్యలేదు. కళ్లెం పట్టుకునే సీను దగ్గర ఆపి, టీవీ ముందు నిలబడ్డాడు.

"రేపు పొద్దుగాల ఒక్కడు బస్సెక్కొద్దు. కూలర్ మళ్ల పెట్టేదాంక ఎవ్వడు కదలొద్దు. రాజన్నను సూసిన్రు గద. రేపు నువ్వో నేనో. ఏమంటరు?"

"ఎక్కం" అన్నారు అందరూ. నేనూ అన్నాను. "నువ్వే రాయాలె సూరన్నా, ఇంగ్లీషుల ఒక కాగితం" అన్నాడు. సరేనన్నాను. మూడో గదిలోవాళ్లు, నాలుగో గదిలోవాళ్లు వచ్చి మల్లేశ్ చేతిలో చెయ్యి వేసి వెళ్లారు. మొత్తం తొంభై మంది దాకా అయ్యారు.

నాలుగు గంటలకి క్యాంప్ బాస్ నాకోసం కబురుపెట్టాడు. గేటు దగ్గర అద్దాల తలుపున్న చిన్న ఆఫీసు అతనిది. లోపల ఏసీ ఎంత చల్లగా ఉందో ఇప్పటికీ చెప్పగలను, నా చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. కుర్చీ చూపించాడు. అంతకుముందు ఎప్పుడూ కూర్చోమనలేదు. చదువుకున్నవాడివి, నీకు వీళ్లతో ఏం పని అన్నాడు హిందీలో. బల్ల మీద ఒక కాగితం ఉంది. ఆఫీసులో గుమస్తా పనికి రెండు నెలల కిందట నేను పెట్టుకున్న దరఖాస్తు. అదేమీ మాట్లాడలేదు, ఊరికే దాని మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. "రేపు పొద్దున ఏదో జరగబోతోందని విన్నాను. ఎవరు చేయిస్తున్నారు?" అని అడిగాడు.

నన్నెవరూ కొట్టలేదు. పోలీసు పేరెత్తలేదు. గుమస్తా పని ఇస్తానని కూడా అనలేదు. నాకు తెలియదు అనడానికి వ్యవధి ఉంది. ఆ వ్యవధిలో నేను కుర్చీలో కొంచెం సర్దుకుని కూర్చుని, "మల్లేశ్" అన్నాను. "ఇంకెవరు?" అన్నాడు. "అతనొక్కడే. అతను లేకపోతే ఎవరూ కదలరు" అన్నాను. ఆ రెండో మాట అతను అడగలేదు. అది నేనే కలిపాను.

తల తిప్పితే అద్దం తలుపు అవతల మస్తాన్. భుజం మీద ఖాళీ గ్యాస్ సిలిండరు. గదిలో గ్యాస్ అయిపోయి, నిండుది తీసుకోవడానికి వచ్చాడు. లోపలి మాటలు అతనికి వినపడవు, కానీ నేను కుర్చీలో కూర్చుని ఉండటం చూశాడు. క్యాంప్ బాస్ స్టోరు వైపు వెళ్లమని చేత్తో సైగ చేశాడు. మస్తాన్ వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం అందరితో పాటు నాకూ పులుసు వడ్డించాడు. ఏమీ అడగలేదు. మల్లేశ్ నా పక్కనే కూర్చుని తిన్నాడు. రెండోసారి అన్నం పెట్టుకుంటూ నా పళ్లెంలో కూడా ఒక గరిటె వేశాడు. అప్పుడైనా వాడి చెవిలో ఒక మాట వెయ్యొచ్చు. కాగితం ఎలా రాయాలో మాట్లాడాను.

తెల్లవారుతుండగా, మేం బస్సు దగ్గర గుంపుగా నిలబడి ఉండగా జీపు వచ్చింది. సెక్యూరిటీ వాళ్లు ఇద్దరు దిగి మల్లేశ్ పేరు పిలిచారు. పెట్టె సర్దుకోమన్నారు, వీసా ఖలాస్ అన్నారు. మల్లేశ్ కంగారు పడలేదు. మా వైపు తిరిగి, "బస్సెక్కకుండ్రి! ఎవ్వరు ఎక్కకుండ్రి!" అని అరిచాడు. డ్రైవరు తలుపు తెరిచాడు. ఇంజను ఆన్ చేశాడు. తొంభై మందిలో ఒక్క మనిషి కూడా పెదవి కదపలేదు. ఫోర్‌మన్ "యల్లా, యల్లా" అని చప్పట్లు కొట్టాడు. ముందు ఒకడు ఎక్కాడు, తర్వాత ఇద్దరు. నేను నాలుగోవాణ్ణి. కిటికీలోంచి చూస్తే మల్లేశ్ మమ్మల్ని లెక్కపెడుతున్నట్టు ఒక్కొక్కర్నీ చూస్తున్నాడు. మా బస్సు నిండిపోయింది, వెనక నిలబెట్టిన రెండో బస్సు కూడా. రోజూ నిలబడే ఇద్దరు ముగ్గురికి కూడా ఆవేళ సీట్లు దొరికాయి, ఒకరి మీద ఒకరు అంతగా ఒదిగి కూర్చున్నారు.

ఆ రోజంతా ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. సిగ్గుతో ఉన్న తొంభై మందికి సాయంత్రానికి ఒక మనిషి కావాల్సి వచ్చాడు. పనినుంచి దిగి గదిలోకి వస్తుండగా నాలుగో గది మనిషి ఒకడు, "నిన్న కోనప్ప ఆఫీసుకి పోయిండు. నా కండ్లతో సూసిన" అన్నాడు. అంతే. ఆ పేరు నాలుగు నెలలుగా అక్కడ సిద్ధంగా ఉంది.

మస్తాన్ పొయ్యి దగ్గర ఉల్లిపాయలు తరుగుతున్నాడు. చొక్కా పట్టుకుని లేపారు.

"నేను గ్యాసుకు బొయినా! సిలిండర్ అయిపోయిందని మీరే గదా అన్నారు! అల్లా తోడు, గ్యాసుకే బొయినా!" అన్నాడు. చుట్టూ చూశాడు. నా దగ్గర ఆగాడు. "సూరన్నా, నువ్వు చెప్పు. నువ్వు చెప్పన్నా" అన్నాడు.

అందరూ నా వైపు తిరిగారు. నేను చదువుకున్నవాణ్ణి, ఉత్తరాలు రాసేవాణ్ణి, నా మాటకి విలువ ఉంది. రెండడుగులు ముందుకి వేసి, మస్తాన్ ఎడమ చెవి మీద నా చేతిలో ఉన్న బలమంతా పెట్టి కొట్టాను. మొదటి దెబ్బ నాదే. తర్వాత ఎన్ని పడ్డాయో లెక్కలేదు. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. అతను కింద పడి ఉండగా కూడా, మధ్యలో కాళ్ల సందుల్లోంచి ఒకసారి నా వైపు చూశాడు. నోరు మాత్రం మళ్లీ తెరవలేదు. ఉల్లిపాయ ముక్కలు నేలంతా చెదిరి, అందరి చెప్పులకీ అంటుకున్నాయి.

ఆ తర్వాత మేం చేసింది దెబ్బలకంటే నీచం. అతను ముట్టుకున్న గిన్నె ఎవరూ ముట్టుకోలేదు. పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. రెండు నెలలు ఖుబ్బూస్ రొట్టె, మజ్జిగ తిని బతికాడు. బస్సులో అతని పక్క సీటు ఖాళీగా వదిలి నిలబడేవాళ్లం. చెవిలోంచి చీము కారితే దూది పెట్టుకుని పనికి వచ్చేవాడు. ప్రతి శుక్రవారం మళ్లీ ఆ సినిమా వేసేవాళ్లం, మల్లేశ్ జ్ఞాపకంగా. కోనప్ప వచ్చే సీను దగ్గర అందరూ తలలు తిప్పి అతన్ని చూసేవారు. అతని మంచం సరిగ్గా టీవీకి ఎదురుగా ఉండేది. బయట ఎండ. వెళ్లడానికి ఇంకో చోటు లేదు. మోకాళ్లు ముడుచుకుని, నేను రాసిన ఆ అక్షరాల పక్కన కూర్చుని, మొత్తం చూసేవాడు. పాలెగాడి ఉరి దగ్గర అతని కళ్లల్లో నీళ్లు రావడం ఆగిపోయింది. ఒకరోజు పనికి బయల్దేరేటప్పుడు అతను లేడు. పాస్‌పోర్టు కంపెనీ ఆఫీసులోనే ఉంది, మనిషి లేడు. సముద్రపు ఒడ్డున కల్బా అనే ఊళ్లో ఎక్కడో చేపల వలలు బాగుచేస్తున్నాడని, కాగితాలు లేక బయటికి రావడం లేదని తర్వాత ఎవరో అన్నారు. రంజాన్ వెళ్లాక నాకు గుమస్తా పని వచ్చింది. ఎవరికీ అనుమానం రాలేదు. "సూరన్నకు రావాల్సిందే" అని స్వీట్లు పంచారు. ఆ ఏసీ గదిలో, ఆ కుర్చీ పక్క కుర్చీలో, ఆ దేశంలో పనులు ఆగిపోయి అందర్నీ ఇంటికి పంపేదాకా కూర్చున్నాను.

సినిమా చూసొచ్చిన వారానికి నేను నెల్లూరు బయల్దేరాను. కల్బానుంచి చాలా ఏళ్లకి ఇంటికి చేరిన మస్తాన్ ఇప్పుడు పెళ్లిళ్లకి బిర్యానీ వండుతున్నాడని, అటువైపు మనిషి ఒకాయన్ని పట్టుకుంటే తెలిసింది. చిన్న డాబా ఇల్లు. వాకిట్లో బోర్లించిన పెద్ద పెద్ద డేగిసాలు. గడ్డం తెల్లబడి నిండుగా పెరిగింది. నన్ను గుర్తుపట్టడానికి అతనికి ఒక్క క్షణం కూడా పట్టలేదు. లోపలికి రమ్మన్నాడు. కుడి చెవి నా వైపు వచ్చేలా కుర్చీ తిప్పుకుని కూర్చున్నాడు. రెండో చెవి ఆరోజునుంచే వినపడదని అప్పుడు తెలుసుకున్నాను.

"ఆవేళ మల్లేశ్ పేరు చెప్పింది నేనే మస్తాన్" అన్నాను. దారంతా చాలా మాటలు పేర్చుకున్నాను గాని, అక్కడ ఇంతే వచ్చింది.

"తెలుసు గదా" అన్నాడు.

"మరి నన్ను కొట్టించకుండా ఎందుకు ఊరుకున్నావు?"

"ఏమని జెప్పేది? కోనప్ప మాట ఎవుడు నమ్ముతాడు?" అన్నాడు. "నువ్వే చెప్తావని జూస్తా ఉన్నా. నువ్వు ముందుకొస్తివి గదా రెండడుగులు, చెప్పేదానికే వస్తుండావనుకున్నా. చెయ్యెత్తినాక అర్థమయింది."

వాళ్లావిడ టీ తెచ్చి పెట్టి వెళ్లింది. నేనెవరో ఆమెకి చెప్పలేదు అతను.

"మల్లేశుకు జెప్పినావా?" అని అడిగాడు.

"లేదు."

"నా ఎదురుగా చెప్పు. ఇప్పుడే."

మల్లేశ్ ఇప్పుడు వాళ్ల ఊళ్లో చిన్న నాయకుడు. దుబాయ్‌లో దొరలకి ఎదురు తిరిగితే పక్కవాడే పట్టించాడని మీటింగుల్లో చెబుతుంటాడు. అక్కడే కూర్చుని ఫోన్ చేశాను. మస్తాన్ దాన్ని తీసుకుని, గట్టిగా వినపడేలా పెట్టి బల్ల మీద ఉంచాడు. నేను అంతా చెప్పాను. కుర్చీ, దరఖాస్తు, నేను కలిపిన రెండో మాట, ఏదీ దాచలేదు.

"సూరన్నా, ఇప్పుడు యాడున్నవ్?" అన్నాడు మల్లేశ్.

"మస్తాన్ వాళ్లింట్లో."

"గదీ సంగతి!" నవ్వాడు. "వాడు ఏడ్సి నీతోని గిట్ల చెప్పిపిస్తున్నడా? నీ గుణం నాకెర్కలేదానె? జాలిపడి మీదేసుకుంటున్నవ్. గా కోనప్పగాన్ని నేనైతే ఎన్నడో మాఫ్ చేసిన, చెప్పు వానికి."

"కాదు మల్లేశూ, నిజంగా నేనే..."

"ఊకో అన్నా. నువ్వు అసొంటోనివి కాదు. మల్ల మాట్లాడుత, మీటింగున్నది."

ఫోన్ ఆగిపోయింది. మస్తాన్ దాని వైపే చూస్తున్నాడు. చాలా ఏళ్లుగా అతను ఎదురుచూసింది ఏదైనా ఉంటే, అది ఆ బల్ల మీద, మా ఇద్దరి ముందు అయిపోయింది. కోపగించుకోలేదు. టీ గ్లాసు నా వైపు జరిపి, "తాగి బయల్దేరన్నా. సాయంత్రం పెళ్లి వంట ఉంది నాకు" అన్నాడు. గుమ్మం దాకా వచ్చాడు. నేను చేతులు పట్టుకోబోతే వెనక్కి తీసుకున్నాడు. "ఇంక రాబాక" అన్నాడు, మెల్లగానే.

తిరుగు రైల్లో కూర్చుని గ్రూపులో అంతా రాశాను. ఆ రోజుల్లో వాళ్ల ఉత్తరాలు రాసినంత శ్రద్ధగా, తప్పుల్లేకుండా. రెండు స్టేషన్లు దాటేసరికి జవాబులు మొదలయ్యాయి. దణ్ణం పెడుతున్న బొమ్మలు. పూలు. "గొప్ప మనసు సూరన్నా నీది" అని ఒకాయన. "పగోణ్ణి గూడ కాపాడుతున్నవ్, దేవుడివి" అని ఇంకొకాయన. వాటిని మస్తాన్‌కి చూపించాలని లేదు. చూపించే మార్గమూ లేదు, ఆ గ్రూపులో ఉన్న ముప్పై మందిలో అతను లేడు. ఇన్నేళ్లలో అతన్ని చేర్చాలని ఎవరికీ తోచలేదు, నాకు కూడా.